బతికించాం, పట్టుకెళ్లండి

2003లో ‘ఠాగూర్’ సినిమా వచ్చి తెలుగువాడికి ఒక శాశ్వతమైన అనుమానాన్ని ప్రసాదించి వెళ్లింది. అప్పట్నుంచీ మనవాళ్లెవరినైనా వెంటిలేటర్ మీద పెట్టారంటే చాలు, ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న బావమరిది ఒకడు గొంతు తగ్గించి అంటాడు: ‘అసలు మనిషి ఉన్నాడో లేడో కనుక్కున్నారా? ఠాగూర్‌లో చూళ్లేదూ?’ శవానికి వైద్యం చేసి బిల్లు వేస్తారేమోనన్న భయంతో రెండు దశాబ్దాలు గడిపేశాం. ఆ భయం తప్పని నేననను. కానీ ఐసీయూలో చేరినవాళ్లలో ఎక్కువమంది బతికే బయటికొస్తారు. ఆ బతికినవాడి కథ మీద ఏ దర్శకుడూ కెమెరా పెట్టలేదు. పెట్టినా ఆడదు. ఫస్టాఫ్ అంతా హీరో మంచం మీద లేచి కూర్చోవడం నేర్చుకుంటుంటే ఇంటర్వెల్ దాకా ఆగేదెవరు?

శవానికి వైద్యం చేస్తే కోపం తెచ్చుకోవడం మనకు బాగా వచ్చు. బతికున్నవాడికి వైద్యం సగంలో ఆపి ఇంటికి తోలేస్తే మాత్రం స్వీట్లు పంచుతాం.

ఆ స్వీట్ల రోజు ముచ్చటే చూడండి. పొద్దున పదింటికి రౌండ్స్‌కొచ్చిన డాక్టరుగారు ‘ఇవాళ ఇంటికెళ్లిపోవచ్చు’ అంటారు. అక్కణ్ణుంచి ఫైలు బయల్దేరుతుంది. ఫార్మసీ క్లియరెన్స్, ల్యాబ్ క్లియరెన్స్, వాడకుండా మిగిలిన సిరంజిల రిటర్న్, అటెండర్ తిన్న ఇడ్లీల బాకీ, ఇన్సూరెన్సు వాళ్ల ఫైనల్ అప్రూవల్... సాయంత్రం ఏడింటికి ఫైలు సంపూర్ణ ఆరోగ్యంతో కిందికి దిగుతుంది. మంచం మీది పెద్దాయన సంగతి వేరు. ఆయన్ని వీల్‌చెయిర్‌లో గేటు దాకా తెస్తారు. వీల్‌చెయిర్ ఆసుపత్రి ఆస్తి, గేటు దాటదు. పెద్దాయన మన ఆస్తి, దాటి తీరాలి. ‘బతికించాం, పట్టుకెళ్లండి’ అని ఎవరూ నోరు తెరిచి అనరు. అనక్కర్లేదు కూడా. వార్డు బాయ్ బ్రేకు వేసిన తీరులోనే వినిపిస్తుంది.

ఇంతకీ మనం పట్టుకెళ్తున్నదేమిటి? లండన్‌లో 63 మంది రోగుల తొడ కండరాన్ని స్కాన్ చేసి కొలిచి 2013లో లెక్క చెప్పారు: ఐసీయూలో పది రోజులు గడిచేసరికి అందులో దాదాపు 18 శాతం కరిగిపోయింది. పది రోజుల్లో! జిమ్ములకు వేలు పోసీ పొట్ట తగ్గని హైదరాబాద్‌లో ఈ ప్యాకేజీకి ఇంకా హోర్డింగులు ఎందుకు లేవలేదో నాకు అర్థం కాదు. గంటగంటకీ మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకునే చోట, మనిషి ఒంట్లోంచి ఎంత కండ పోయిందో రాసే గడి మాత్రం ఉండదు. ఫిజియోథెరపీ బిల్లులో రోజుకు రెండు పూటలా కనిపిస్తుంది. ఒంట్లోనే కనపడదు.

‘వెంటిలేటర్ మీదున్నవాణ్ణి లేపి నడిపిస్తారా ఎక్కడైనా?’ అని అడిగేవారికి జవాబు: నడిపిస్తారు. అమెరికాలో 104 మంది మీద చేసి 2009లో లాన్సెట్ పత్రికలో అచ్చేసిన పరీక్ష ఒకటుంది. రోజూ మత్తు కాసేపు ఆపి, మొదటి రోజుల్లోనే కూర్చోబెట్టి, నిలబెట్టి, అడుగులు వేయించినవాళ్లలో 59 శాతం మంది ఆసుపత్రి వదిలేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో అలాంటివాళ్లు 35 శాతమే. మరీ ఎక్కువగా, మరీ తొందరగా కదిలిస్తే అదనంగా మేలేమీ లేదని తర్వాతి పరీక్షలు కొన్ని అన్నాయి. ఆ తగువు వాళ్లు తీర్చుకుంటారు. మన దగ్గర ఎక్కువ కదిలించేశారన్న ఫిర్యాదు ఇంతవరకు ఎవరూ చేసినట్టు లేదు. ‘అడ్వాన్సు అయిపోయిందండీ’ అని కౌంటర్ నుంచి ఫోన్ వస్తే కదిలేది బంధువులు. పెద్దాయన కదలడు.

ఒళ్లు సరే, తిండి పెడితే కొంతైనా తిరిగొస్తుంది. బుర్ర? ఐసీయూలో ఇరవై నాలుగ్గంటలూ ఒకటే లైటు. పగలో రాత్రో తెలీదు. నాలుగు వైపులా మిషన్ల కూత. పక్క బెడ్డు మీద నిన్న మూలిగినాయన ఇవాళ లేడు. గొట్టాలు పీక్కుంటాడని చేతులు మంచానికి కట్టేస్తారు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి ఇదేమిటని అడగలేడు. కళ్లద్దాలు, వినికిడి మిషను, కట్టుడు పళ్లు మొదటిరోజే మూటగట్టి అటెండర్‌కి అప్పగించి సంతకం తీసుకున్నారు. సొంతవాళ్లు రోజుకొకరు, ఐదు నిమిషాలు, చెప్పులు బయట. ఇంత ఏర్పాటు చేశాక ఎవరికైనా మతి నిలబడితే అదే వైద్యశాస్త్రంలో వింత. పెద్దాయనకి సీలింగ్ మీద చీమలబారు కనబడుతుంది. నర్సులు తనని ఎవరికో అమ్మడానికి బేరమాడుతున్నట్టు వినబడుతుంది.

డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చాలా మామూలు. ఇది ఎన్ని రోజులు సాగితే తర్వాత బుర్రకి అంత నష్టం. అమెరికాలో నాష్‌విల్ ఆసుపత్రుల్లో 821 మందిని ఎంచుకుని, బతికి బయటపడ్డవాళ్ల వెంట ఏడాది పాటు తిరిగి 2013లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల తర్వాత చూస్తే పదిమందిలో నలుగురి ఆలోచనాశక్తి తలకు ఓ మోస్తరు గట్టి దెబ్బ తగిలినవాళ్ల స్థాయిలో ఉంది. నాలుగో వంతు మందిది తేలికపాటి అల్జీమర్స్ రోగుల స్థాయిలో ఉంది. ముసలివాళ్లలోనే కాదు, పడుచువాళ్లలోనూ. ఏడాదికి కూడా పెద్దగా మారలేదు.

మన డిశ్చార్జి సమ్మరీలో పొటాషియం ఎంతో ఉంటుంది, చీమలబారు ఉండదు. కాబట్టి ఇంటికొచ్చాక రోగ నిర్ధారణ బాధ్యత పక్కింటి పిన్నిగారు తీసుకుంటారు. ‘ఆ ఐసీయూలో ఎంతమంది పోయుంటారో! ఏదో గాలి సోకిందమ్మా.’ దిష్టి తీస్తారు. నిమ్మకాయలు కోస్తారు. తాయెత్తు కట్టే ఆయన్ని పిలిపిస్తారు. నేను తాయెత్తుల పక్షం కాదు. కానీ న్యాయంగా చెప్పుకోవాలి కదా: ఆ తాయెత్తు మనిషి మంచం పక్కన అరగంట కూర్చుని, ‘రాత్రిళ్లు నీకేం కనిపిస్తోంది నాయనా?’ అని అడిగాడు. అన్ని డిగ్రీల మధ్య ఆ ప్రశ్న అడిగిన మొదటివాడు అతనే.

ఇదేమీ నిన్న మొన్న బయటపడ్డ రహస్యం కాదు. 2010లోనే అమెరికా క్రిటికల్ కేర్ సొసైటీ అందర్నీ పిలిచి సమావేశం పెట్టింది. ఐసీయూ దాటొచ్చినవాళ్ల ఒంట్లో, బుర్రలో, మనసులో మిగిలిపోయే చెరుపునంతా కలిపి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంది. అది 2012లో అచ్చయింది. బయట కుర్చీల్లో నిద్రలేకుండా గడిపిన కుటుంబానికి పట్టే దిగులూ బెదురూ కూడా అందులో భాగమేనని ఒప్పుకుంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు రాసింది: ఐసీయూలో ఉండగానే కోలుకునే ప్రణాళిక మొదలుపెట్టాలి, అవసరం ఉన్నవాళ్లని బయటికొచ్చిన రెండు మూడు నెలలకు పిలిచి మళ్లీ చూడాలి అని. గ్లాస్గోలో 2014 నుంచి ఐదు వారాల కార్యక్రమం ఒకటి నడిపారు. రోగితో పాటు ఇంట్లోవాళ్లనీ పిలిచి, ఫిజియోథెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు, మందుల లెక్క చూసే ఫార్మసిస్టు, అంతకుముందే ఆ నరకం దాటొచ్చిన పాత రోగులు, అందరూ ఒకచోట కూర్చుంటారు.

అక్కడ అంతా పచ్చగా ఉందని కాదు. నర్సులు నడిపే ఫాలో-అప్ క్లినిక్కుల వల్ల రోగుల జీవితం మెరుగుపడిన దాఖలా లేదని 2009లో బ్రిటన్‌లోనే ఒక పరీక్ష తేల్చింది. ఈ వాక్యం మాత్రం మన ఆసుపత్రి యాజమాన్యాల కంట పడకుండా చూడండి. ‘చూశారా, అందుకే మేం అసలు మొదలే పెట్టలేదు’ అంటారు.

స్కాండినేవియా దేశాల్లో ఇంకో అలవాటుంది. రోగి మత్తులో ఉన్నన్నాళ్లూ నర్సులు, ఇంట్లోవాళ్లు రోజుకు నాలుగు వాక్యాలు ఒక పుస్తకంలో రాసి పెడతారు: ఇవాళ మీకు జ్వరం తగ్గింది, మీ అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది, కిటికీలోంచి మంచు కనిపించింది అని. మెలకువొచ్చాక చదువుకుని, పోగొట్టుకున్న రోజుల్ని మనిషి మళ్లీ కూడదీసుకుంటాడని ఆశ. మనం వెనకబడిపోయామని బాధపడకండి. మన దగ్గర కూడా రోజువారీ డైరీ ఉంది. దాన్ని ఇంటరిమ్ బిల్లు అంటారు. ఏ తేదీన ఎన్ని జతల గ్లోవ్స్ వాడారో, ఎన్ని మాస్కులో, ఏ స్పెషలిస్టు ఎన్నిసార్లు తొంగి చూసి విజిటింగ్ ఛార్జీ పట్టుకెళ్లాడో పైసల్తో సహా అందులో ఉంటుంది. మతి కొంచెం కుదుటపడ్డాక పెద్దాయన దాన్ని శ్రద్ధగా చదువుతాడు. పోయిన రోజులు తిరిగొస్తాయి. బిల్లుకి పోయిన ఎకరం రాదు.

ప్రభుత్వం ఏం చేస్తోందంటారా? మంచి ప్రశ్న. ఐసీయూలో ఎవర్ని చేర్చుకోవాలి, ఎప్పుడు బయటికి పంపాలి అని 24 మంది నిపుణులు కూర్చుని మార్గదర్శకాలు తయారుచేస్తే, 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ విడుదల చేసింది. చేర్చుకోవడం, పంపించడం. పంపించాక మనిషి ఏమవుతాడన్నది ఇరవై అయిదో నిపుణుడి పని అయి ఉంటుంది. ఆయన ఆ రోజు సెలవు.

డబ్బు దగ్గర మాత్రం అందరికీ క్యాలెండరు బాగా తెలుసు. ఆయుష్మాన్ భారత్ వాళ్లు డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులూ పరీక్షలూ చూసుకుంటారు. బీమా నియంత్రణ సంస్థ 2020లో అన్ని కంపెనీలచేతా అమ్మించిన ఆరోగ్య సంజీవని పాలసీలో ఐసీయూకి రోజుకు 10,000 దాకా ఇస్తారు, డిశ్చార్జి అయ్యాక 60 రోజుల ఖర్చు భరిస్తారు. అరవై ఒకటో రోజుకి రోగి లేచి పరుగెత్తాలని పాలసీ ఉద్దేశం. సంజీవనితో లేచిన లక్ష్మణుడు తిన్నగా యుద్ధానికి వెళ్లిపోయాడు కాబట్టి వాల్మీకి ఫిజియోథెరపీ సర్గ రాయాల్సిన పని పడలేదు. కంపెనీలు ఆ ధీమాతోనే ఉన్నట్టున్నాయి. టొరంటోలో ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఐసీయూలో గడిపి బతికిన 109 మందిని గమనిస్తే, ఏడాది గడిచాక కూడా సగం మందే ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లేమీ ముసలివాళ్లు కాదు, సగటున నలభైల్లో ఉన్న మనుషులు. ఐదేళ్ల తర్వాత చూసినా ఆరు నిమిషాల్లో నడవాల్సిన దూరంలో ముప్పావు వంతే నడవగలిగారు. ఐదేళ్లెక్కడ, అరవై రోజులెక్కడ!

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలు చేశారు. మంచిదే. ఆ లక్షలన్నీ ఆసుపత్రి గోడల లోపల ఖర్చయ్యే లక్షలు. గోడ బయట కోలుకునే మనిషికి కూడా ఆకలేస్తుందని గుర్తించిన పథకం నాకు తెలిసి ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే రోజులకి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా, ఇస్తామన్నారు. కూలికెళ్లలేని మనిషికి కూలి. వ్యంగ్యం రాసేవాడికి ఇలాంటివి తగిలితే ఇబ్బందే, ఏమీ అనలేం. ఆ ఇబ్బంది పోగొట్టడానికా అన్నట్టు కేంద్రం ఉంది: 2022 జూలై 18 నుంచి ఆసుపత్రి గది అద్దె రోజుకు 5,000 దాటితే 5 శాతం జీఎస్టీ వేశారు. ఐసీయూకి మినహాయింపు. అంటే చావుబతుకుల మధ్య ఉన్నంతసేపూ పన్నులవాళ్లకీ జాలి. అక్కణ్ణుంచి లేచి గదిలోకొచ్చావా, కోలుకోవడం విలాసం కింద లెక్క.

ఇక ఇల్లు. ఐసీయూలో ఒకరిద్దరు రోగులకి ఒక నర్సు, మూడు షిఫ్టులు. ఇంట్లో ఒక కోడలు, మూడు షిఫ్టులూ ఆవిడే, రిలీవర్ రాదు. ముక్కు గొట్టంలో రెండు గంటలకోసారి జావ పోయాలి, పోసేముందు గొట్టం జారిందో లేదో చూడాలి. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మెడ దగ్గర రంధ్రం పెట్టి పంపితే, అద్దెకు తెచ్చిన సక్షన్ మిషనుతో కఫం లాగాలి. వీటన్నిటికీ ఆసుపత్రి ట్రైనింగ్ ఇచ్చింది. ఎప్పుడంటే, లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు. లిఫ్టు వచ్చేసింది. నర్సింగ్ కాలేజీలో నాలుగేళ్లు చెప్పేది ఆ అమ్మాయి నాలుగో అంతస్తు నుంచి గ్రౌండ్ ఫ్లోరుకి దిగేలోపు నేర్చేసుకుంది. మన ఆడవాళ్ల తెలివితేటల మీద కార్పొరేట్ వైద్యానికి ఉన్న నమ్మకం మన మగవాళ్లకి కూడా లేదు.

వారం తర్వాత రివ్యూ. ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే చూసి ‘సూపర్’ అంటారు. కిడ్నీ డాక్టరు క్రియాటినిన్ చూసి ‘వెరీ గుడ్’ అంటారు. గుండె డాక్టరు ఎకో చూసి చిరునవ్వు నవ్వుతారు. ముగ్గురికీ మూడు ఓపీ చీటీలు, మూడు క్యూలు. ‘కాళ్లు లేవడం లేదు సార్, నిద్ర లేదు, చెక్కు మీద సంతకం కుదరడం లేదు’ అని అడుగుదామంటే అది ఎవరి డిపార్ట్‌మెంటూ కాదు. రాత్రీ పగలూ కాచుకుని బతికించిన ఐసీయూ డాక్టరుకి చాలాచోట్ల అసలు ఓపీయే ఉండదు. తను కాపాడిన మనిషి ఇప్పుడెలా ఉన్నాడో ఆయనకి తెలిసే దారి లేదు, మళ్లీ అంబులెన్సులో వస్తే తప్ప.

బంధువుల్ని వదిలేస్తే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. యాపిల్ పళ్లూ హార్లిక్స్ సీసాలూ పట్టుకుని పరామర్శకి దిగుతారు. ‘పునర్జన్మ బావా! ఇంకేం కావాలి?’ ఈ ఒక్క మాటతో పెద్దాయన నోరు మూతబడుతుంది. బతికినవాడు ఫిర్యాదు చేయకూడదు. చేస్తే దేవుడికీ డాక్టరుకీ కొడుక్కీ ముగ్గురికీ ద్రోహం చేసినట్టు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, పెద్ద జబ్బు చేసిన రెండు మూడు నెలలకి అది మామూలే, మళ్లీ వస్తుంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు, ‘తలనీలాల మొక్కు ఆలస్యం చేశారు, స్వామే తీసేసుకుంటున్నాడు’ అని మాత్రం చెబుతారు. ఇంకా ఘోరం, నాన్న బతికితే అలిపిరి మెట్లెక్కిస్తానని పెద్దకొడుకు ఐసీయూ బయట మొక్కేశాడు. మొక్కింది కొడుకు, ఎక్కాల్సింది తండ్రి. మూడు వేల అయిదొందల పైచిలుకు మెట్లు. ఆయనకి బాత్రూం గడపే అలిపిరి.

విచిత్రమేమిటంటే, ఒళ్లు హూనమైన మనిషిని నెలల తరబడి కాపాడుకోవడం మనకి తెలియని విద్య కాదు. బాలింతని చూడండి. పుట్టింట్లో మూడు నెలలు, చెవుల్లో దూది, నడుముకి గుడ్డ, ఏ వారం ఏ పథ్యమో అమ్మమ్మ నోట్లో రాజ్యాంగంలా ఉంటుంది. చన్నీళ్లు ముట్టుకుంటే ఊరంతా కేకలేస్తుంది. అందులో సగం ఛాదస్తమే కావచ్చు, కానీ ‘కాన్పు అయిపోయింది కదా, లేచి పనికెళ్లు’ అనడానికి ఏ ఇంట్లోనూ ధైర్యం చాలదు. (ఉంటుంది, పేదిళ్లలో. అక్కడ ఐసీయూ నుంచి వచ్చినాయన కూడా మర్నాడే పనికెళ్లబోయి పడతాడు.) వెంటిలేటర్ మీద పన్నెండు రోజులుండి వచ్చినవాడికి మాత్రం పథ్యం చెప్పే అమ్మమ్మ లేదు. మిషన్లు మన అమ్మమ్మల తర్వాత వచ్చాయి. మిషన్లు తెచ్చినవాళ్లు అమ్మమ్మని తేవడం మర్చిపోయారు.

ఆసుపత్రులకి ప్రచారం మీద ఉన్న మక్కువ తెలిసినవాణ్ణి కాబట్టి ఒక ప్రతిపాదన. మృత్యువు అంచు నుంచి లాక్కొచ్చాం అని మీరు ప్రెస్‌మీట్ పెడతారు కదా, మెడలో శాలువాతో రోగి మధ్యలో, తెల్లకోట్లు చుట్టూ, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో. ఆ ప్రెస్‌మీట్ ఆరు నెలలు వాయిదా వేయండి. అదే రోగిని పిలవండి. వీల్‌చెయిర్ వద్దు, మీ గేటు నుంచి మీ హాలు దాకా నడిచి రమ్మనండి. మైకు ఇచ్చి మనవల పేర్లు చెప్పమనండి. తిరిగి పనిలో చేరాడో లేదో, లైటు ఆర్పి పడుకోగలుగుతున్నాడో లేదో విలేకర్ల ముందే అడగండి. పక్కన ఆయన భార్యనీ కోడల్నీ కూర్చోబెట్టి వాళ్లకి బీపీ చూడండి. అప్పుడు వేసుకోండి శాలువా, ఎవరికి వేయాలో అప్పటికి తేలిపోతుంది.

ఈ ప్రతిపాదన ఎలాగూ చెత్తబుట్టలో పడుతుందని తెలుసు. ఎందుకంటే డిశ్చార్జి తర్వాత రోగి యోగక్షేమాలు కనుక్కునే ఏర్పాటు మన దగ్గర ఆల్రెడీ ఉంది. రెండో రోజే ఫోన్ వస్తుంది. తియ్యటి గొంతు.

‘నమస్కారం సర్, మా హాస్పిటల్ నుంచి. మీ విలువైన అభిప్రాయం కోసం కాల్ చేశాం. గది శుభ్రతకి ఒకటి నుంచి పది వరకు ఎంత రేటింగ్ ఇస్తారు సర్?’

‘అమ్మా, నాకు రాత్రిళ్లు చేతులు ఎవరో కట్టేస్తున్నట్టు...’

‘సారీ సర్, అది ఈ ఫారంలో లేదు. బిల్లింగ్ సిబ్బంది మర్యాదకి ఎంత ఇస్తారు?’

పెద్దాయన చేతిలోంచి ఫోన్ జారిపోతుంటే భార్య అందుకుంటుంది.

‘అన్నిటికీ పది వేసుకో తల్లీ. మళ్లీ మీ దగ్గరికే రావాలిగా.’